నేలగూళ్లు దక్కడం లేదు, నక్కలు పెరిగాయి. పట్టి తరలించడమే మార్గమా?

తడిగడ్డి:

నమస్కారం అండి. చిత్తడినేలను ఆనుకుని దాదాపు 60 హెక్టార్ల పొట్టిగడ్డి మైదానం ఉంది. తీతువులు, వాటితోపాటు నేల మీదే గుడ్లు పెట్టే మరో రెండు మూడు రకాల పక్షులు అక్కడ గూళ్లు కడతాయి. నాలుగేళ్లుగా కెమెరాల్లో నక్కలు పడటం ఏటేటా పెరుగుతోంది. ఊరకుక్కలు, పిల్లులు, కాకులు కూడా తిరుగుతుంటాయి. ఈ సీజన్‌లో 34 తీతువు గూళ్లను గమనిస్తే 23 పోయాయి, 11 గూళ్లలో పిల్లలు లేచాయి. ఒక్కో గూటిని గమనించిన రోజులన్నీ కలిపితే 410. పొదుగుడు కాలం 28 రోజులుగా లెక్కేస్తున్నాం.

నక్కలను బోనుల్లో పట్టి దూరంగా వదిలేద్దామన్న ప్రతిపాదన నడుస్తోంది. అనుమతికి దరఖాస్తు పెట్టేలోపే కొన్ని తేల్చుకోవాలి. గుడ్లు తింటున్నది నక్కలేనని ఎలా రుజువు చేయాలి? వాటిని తీసేస్తే నిజంగా ఫలితం ఉంటుందా? కంచె వేస్తే ఎలాంటిది వేయాలి? గూటి మీద జాలీ పంజరం పెడితే సరిపోతుందా? కొలతలతో సహా చెబితే మేలు.

గూటిలెక్క:

ముందు మీ అంకెలు చూద్దాం. 34లో 11 అంటే 32 శాతం దక్కాయని రాసుకుంటారు చాలామంది. అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించే లెక్క. గుడ్లు పెట్టిన రెండో రోజే పోయిన గూడు అసలు మీ కంటపడదు. ఇరవై రోజులు నిలిచిన గూడే దొరుకుతుంది. అందుకే రోజువారీ లెక్క వేయాలి. హెరాల్డ్ మేఫీల్డ్ 1961లో చెప్పిన పద్ధతి ఇది: పోయిన గూళ్ల సంఖ్యను గమనించిన మొత్తం రోజులతో భాగించాలి. 23ను 410తో భాగిస్తే 0.056. అంటే ఒక గూడు ఒక రోజులో పోయే అవకాశం 5.6 శాతం, నిలిచే అవకాశం 94.4 శాతం. 0.944ను 28 సార్లు తనతో తానే గుణిస్తే దాదాపు 0.20 వస్తుంది. మీ దగ్గర దక్కుతున్నది మూడింట ఒకటి కాదు, ఐదింట ఒకటి.

ఇదే లెక్కలో ఆశ కూడా ఉంది. రోజువారీ నష్టం 5.6 నుంచి 3 శాతానికి దిగితే చాలు, దక్కే గూళ్లు 20 నుంచి 43 శాతానికి పెరుగుతాయి. వేటజంతువులన్నిటినీ ఆపనక్కర్లేదు, సగానికి దగ్గరగా తగ్గిస్తే గూళ్లు రెట్టింపు దక్కుతాయి. గూడు ఏ రోజు పోయిందో తెలియనప్పుడు, చివరిసారి బాగున్నట్టు చూసిన రోజుకీ పోయినట్టు చూసిన రోజుకీ మధ్యరోజును తీసుకోండి. గూడు గూటికీ రోజుల లెక్క ఇలాగే ఒకే పద్ధతిలో ఉంటేనే వచ్చే ఏడాదితో పోల్చగలరు.

ఆ 23 గూళ్లూ వేటకే పోయాయా? ముందు అది విడదీయండి. పశువులు తొక్కితే నలిగిన పెంకు, గడ్డికి అంటుకున్న సొన అక్కడే ఉంటాయి. నీళ్లు వచ్చి పోతే గుడ్లు పగలకుండా గుంట బయటికి కొట్టుకొచ్చి ఉంటాయి. తల్లి వదిలేసిన గూట్లో గుడ్లు చల్లగా, కదలకుండా ఉంటాయి. ఇంకో పొరపాటు ఏమిటంటే, పిల్లలు లేచి వెళ్లిపోయిన గూటిని కూడా ఖాళీగా ఉందని ‘పోయింది’ ఖాతాలో రాసేయడం. గుంట అడుగున గడ్డిపరకల మధ్య వేలితో మెల్లగా కదిపి చూడండి. పిల్ల లోపలి నుంచి పెంకు పొడిచినప్పుడు రాలిన 1 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్కలు అక్కడ మిగులుతాయి. పెద్ద పెంకులను తల్లిదండ్రులు ముక్కున పట్టి దూరంగా పడేస్తాయి గానీ ఈ నలుసులను వదిలేస్తాయి. అవి కనిపిస్తే ఆ గూడు దక్కినట్టే.

ఎవరు తిన్నారో పెంకు చూసి చెప్పడం మాత్రం నమ్మదగ్గది కాదు. కాకి పొడిస్తే గరుకు అంచున్న చిల్లు ఉంటుందనీ, నక్క గుడ్డును మొత్తంగా పట్టుకుపోతుందనీ, పాము మింగేసి ఏమీ మిగల్చదనీ చెప్పేవి స్థూలంగా నిజమే. కానీ ఖాళీ గుంట నక్కకూ పాముకూ ఒకేలా ఉంటుంది. నక్క వదిలిన గుడ్డును కాకి వచ్చి పొడవడమూ మామూలే. రుజువు కావాలంటే రెండు పరికరాలు వాడండి.

ఒకటి, చొక్కా బొత్తం అంత ఉండే ఉష్ణోగ్రత రికార్డర్. గుడ్ల కింద మట్టిలో కొద్దిగా అదిమి, 5 నిమిషాలకోసారి నమోదయ్యేలా పెట్టాలి. గుడ్లున్నంత సేపు గీత ఎత్తులో నిలకడగా ఉంటుంది. గుడ్లు పోయి తల్లి లేచిన క్షణంలో ఆ నిలకడ తెగిపోయి, ఇక తిరిగి రాదు. అది రాత్రి రెండింటికి తెగితే కాకుల పని కాదు, రాత్రి తిరిగే జంతువు పని. మిట్టమధ్యాహ్నం తెగితే కాకి, గద్ద, కుక్క, వీటిలో ఏదైనా కావచ్చు. తక్కువ ఖర్చుతో ఎక్కువ గూళ్లకు పెట్టగలిగేది ఇదే.

రెండోది కెమెరా. గూటికి 3, 4 మీటర్ల దూరంలో, నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో, కంటికి ఎర్రగా కనిపించని ఇన్‌ఫ్రారెడ్ ఉన్నది పెట్టండి. ఒక కదలికకు వరుసగా మూడు ఫొటోలు తీయాలి, మధ్యలో విరామం సున్నా ఉండాలి. ఒక్క ఫొటో మాత్రమే పెడితే గుడ్డు తిన్నదెవరో తెలియదు, తర్వాత వాసన చూడ్డానికి వచ్చినదే పడుతుంది. తూర్పు పడమరలకు తిప్పకండి, ఎండ లెన్సులో పడి వందల ఉత్త ఫొటోలు వస్తాయి. లెన్సుకు అడ్డం వచ్చే పరకలు నాలుగైదు తుంచండి గానీ గూటి చుట్టూ గడ్డి కోయొద్దు, దాగిన గూటిని మీరే బయటపెట్టినట్టవుతుంది. గుడ్లు పూర్తిగా పెట్టాకే బిగించండి, పది నిమిషాల్లో ముగించండి. దూరం నుంచి బైనాక్యులర్‌లో చూస్తూ ఉండండి. గంటలోపు తల్లి తిరిగి కూర్చోకపోతే కెమెరా తీసేయాలి. సగం గూళ్లకు కెమెరా లేకుండా ఉంచడం మరవకండి. కెమెరా పెట్టిన గూళ్లే ఎక్కువ పోతున్నాయా అన్నది అలా ఉంచితేనే తెలుస్తుంది.

మేతజాడ:

గూటిలెక్క గారి మాటకు కొనసాగింపు. కెమెరాల్లో నక్కలు ఎక్కువ పడటం అంటే నక్కలు పెరిగాయని కాదు. కెమెరా దారి మార్చినా, పిల్లలున్న నక్క రోజుకు నాలుగుసార్లు అదే దారిన తిరిగినా ఫొటోలు పెరుగుతాయి. ఒకే చోట, ఒకే నెలలో, అన్నే కెమెరాలతో, అన్నే రాత్రులు తీసినవైతేనే పోల్చండి.

సరే, నిజంగానే పెరిగాయనుకుందాం. అవి తీతువు గుడ్ల మీద బతికి పెరగలేదు. గుడ్లు ఏడాదిలో రెండు మూడు నెలలే దొరుకుతాయి. మిగతా తొమ్మిది నెలలు వాటిని పోషిస్తున్నదేమిటి? చెత్తకుప్పలు, పారేసిన మాంసం వ్యర్థాలు, పూడ్చకుండా వదిలిన పశువుల కళేబరాలు, ఆరుబయట పెట్టే పెంపుడు జంతువుల తిండి. ఆ మేత ఉన్నంతకాలం మీరు ఎన్ని నక్కలను తీసినా ఖాళీ అయిన జాగాలోకి పక్కవి వస్తాయి.

ఇది ఊహ కాదు. దక్షిణ టాస్మానియా అడవుల్లో అడవిపాలైన పిల్లులను కొద్దికొద్దిగా తగ్గించి చూసిన అధ్యయనం 2015లో అచ్చయింది. తీసివేత సాగిన రెండు చోట్లా పిల్లులు తగ్గకపోగా ఒకచోట 75 శాతం, ఇంకోచోట 211 శాతం పెరిగాయి. జాగాను ఏలుతున్న పెద్ద పిల్లులు పోగానే తిరుగుబోతు కుర్ర పిల్లులు వచ్చి చేరాయన్నది దానికి వాళ్లిచ్చిన వివరణ.

మేత మార్చేస్తే ఏమవుతుందో కాలిఫోర్నియా ఛానల్ ద్వీపాల్లో కళ్లకు కట్టినట్టు కనిపించింది. పిల్లిసైజు ద్వీపనక్కలు 1990ల్లో హఠాత్తుగా కూలిపోయాయి. శాన్ మిగెల్ ద్వీపంలో చివరికి 15 మిగిలాయి. చంపింది బంగారు గద్దలు. కానీ అంతకుముందు అక్కడ ఆ గద్దల గూళ్లు లేవు. అడవిపాలైన పందుల పిల్లలు ఏడాది పొడవునా మేతగా దొరకడంతో వచ్చి స్థిరపడ్డాయి. నక్కలు వాటికి పక్క మేత మాత్రమే. అందుకే గద్దలను పట్టి తరలించడంతో ఆగలేదు. శాంటాక్రజ్ ద్వీపంలో 5,000కు పైగా పందులను తొలగించారు, నక్కలను బంధించి పెంచి వదిలారు, చేపలు తినే బోడి గద్దలను తిరిగి తెచ్చారు. 2016లో మూడు ఉపజాతుల నక్కలు ప్రమాద జాబితా నుంచి బయటపడ్డాయి. గద్దలను మాత్రమే తరలించి పందులను వదిలేసి ఉంటే మళ్లీ కొత్త గద్దలు వచ్చేవి.

కాబట్టి మైదానం చుట్టూ ఒక 3 కిలోమీటర్ల మేర పటం గీసి, మేత దొరికే ప్రతి చోటునూ గుర్తుపెట్టండి. ఒక్కోచోట వారం రోజులు కెమెరా పెడితే ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు తింటున్నారో తెలుస్తుంది. నక్కల పెంట సేకరించి నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగితే వెంట్రుకలు, ఈకలు, పెంకుముక్కలు, ప్లాస్టిక్ విడిపోతాయి. చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, నక్క కుక్క పెంటలో మనుషులకు ప్రమాదకరమైన బద్దెపురుగుల గుడ్లు ఉండొచ్చు. ప్లాస్టిక్, కోడి ఈకలు ఎక్కువగా తేలితే మీ పని మైదానంలో కాదు, చెత్తకుప్ప దగ్గర మొదలవ్వాలి. మూత గట్టిగా పడే తొట్లు పెట్టించండి. కళేబరాలను అదే రోజు పూడ్చాలి, మీద కనీసం మీటరు మట్టి పడాలి. లేదంటే కుక్కలు తోడేస్తాయి.

ఒక జాగ్రత్త. మేతను గూళ్ల సీజన్ మొదలయ్యే వారంలో ఆపకండి. ఆకలేసిన జంతువులన్నీ ఒక్కసారిగా మైదానం మీద పడతాయి. గుడ్ల కాలం ముగిసిన వెంటనే ఆపితే, మళ్లీ గుడ్లు పెట్టే సమయానికి సంఖ్య తనంతట తానే సర్దుకుంటుంది.

పట్టి దూరంగా వదలడం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: వద్దు. వదిలిన చోట అప్పటికే వేరే నక్కలు ఉంటాయి. కొత్తది కొట్లాటలోనో, రోడ్డు మీదో, ఆకలితోనో చస్తుంది, లేదా తిరిగి వచ్చేస్తుంది. రోగాలు కూడా దానితోపాటే ప్రయాణిస్తాయి. మీ మైదానంలో మాత్రం దాని జాగా ఖాళీగా ఉండదు.

కంచెతీగ:

కంచె సంగతి నేను చెప్తాను. ముందు పొడవు లెక్క. 60 హెక్టార్లను చతురస్రంగా చుడితే 3.1 కిలోమీటర్ల కంచె. గూళ్లు ఒత్తుగా ఉన్న 8 హెక్టార్లే చుడితే 1.13 కిలోమీటర్లు. సన్నగా పొడుగ్గా ఉన్న ముక్కను చుట్టకండి, అదే విస్తీర్ణానికి తీగ రెట్టింపు పడుతుంది. తీతువు పిల్లలు లేచిన మర్నాటికల్లా నడుచుకుంటూ తడి అంచుకు పురుగుల కోసం వెళ్తాయి. ఆ తడి అంచు కంచె లోపల లేకపోతే గుడ్లను కాపాడి పిల్లలను బయటికి పంపినట్టే.

సీజన్‌కు మాత్రమే వేసే కరెంటు కంచె అయితే 7 లేదా 8 తీగలు, మొత్తం ఎత్తు 1.1 నుంచి 1.2 మీటర్లు. కింది తీగ నేలకు 10 నుంచి 15 సెంటీమీటర్లలో ఉండాలి. కింది నాలుగు తీగల మధ్య ఎడం కూడా అంతే, పైకి పోయేకొద్దీ పెంచుకోవచ్చు. నక్క దూకడం కంటే ముందు దూరడానికి చూస్తుంది, ముక్కు పెట్టి చూసిన చోట షాక్ తగలాలి. నేల గుంటపడ్డ ప్రతిచోటా అదనంగా ఒక గుంజ పాతి తీగను కిందికి లాగండి. కంచె ఓడిపోయేది చదును నేల మీద కాదు, ఈ గుంటల దగ్గరే.

కరెంటు విషయంలో ఖచ్చితంగా ఉండండి. లైను నుంచి తీగకు నేరుగా కరెంటు ఇవ్వడం మనుషుల్ని, పశువుల్ని చంపే పని, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. సెకనుకోసారి అతి కొద్దిసేపు దెబ్బ వదిలే ఎనర్జైజర్ మాత్రమే వాడాలి, సోలార్ బ్యాటరీతో నడిచేది మంచిది. కంచెకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చివరన రోజూ మీటరు పెట్టి చూడండి. 4,000 వోల్టుల కంటే తగ్గితే ఎక్కడో తేడా ఉంది. పదింట తొమ్మిదిసార్లు తీగకు తగిలిన గడ్డే కారణం. మంచు తడిసిన తెల్లవారుజామున వోల్టేజీ పడిపోయి, ఎండెక్కాక బాగైపోతే అది గడ్డి పనే అనుకోండి. కంచె కింద, ఇరుపక్కలా మీటరు మేర గడ్డి కొట్టి ఉంచాలి.

రెండో కారణం ఎర్తింగ్. కనీసం మీటరు పొడవున్న రాడ్లు మూడు, ఒక్కోటి 3 మీటర్ల ఎడంలో, తడి ఉండే చోట దిగగొట్టండి. నేల ఎండి బీటలు వారే చోట అదీ చాలదు. జంతువు కాళ్ల కింద పొడిమట్టి ఉంటే షాక్ పూర్తి కాదు. అలాంటి చోట తీగలను ఒకటి విడిచి ఒకటి ఎర్త్‌కు కలపండి. దూరడానికి చూసిన జంతువుకు రెండు తీగలూ ఒకేసారి తగిలి దెబ్బ పడుతుంది.

పక్షులు రాకముందే కంచె నిలబెట్టి కరెంటు పెట్టండి. గుడ్ల రుచి తెలిశాక కంచె వేస్తే నక్క దెబ్బ ఓర్చుకుని అయినా దూరుతుంది. మూసే ముందు లోపల ఏ నక్కా ఉండిపోలేదని మూడు నాలుగు రాత్రులు కెమెరాలతో ఖాయం చేసుకోండి. కింది తీగ వల్ల తాబేళ్లకు, ఒళ్లంతా పొలుసులుండే అలుగులకు ప్రాణాపాయం ఉందని మరవొద్దు. దక్షిణాఫ్రికాలో ఇది పెద్ద సమస్య. దెబ్బ తగలగానే తాబేలు గుల్లలోకి ముడుచుకుని అక్కడే ఉండిపోతుంది, అలుగు తీగ చుట్టూ చుట్టుకుపోతుంది. ఆ జంతువులు ఉన్నచోట కింది తీగకు కరెంటు తీసేసి, కింద 30 సెంటీమీటర్లు మామూలు జాలీ వేయండి. రోజూ కంచె వెంబడి నడవడం ఎలాగూ తప్పదు.

శాశ్వత కంచెకు ఆస్ట్రేలియాలోని అరిడ్ రికవరీ అభయారణ్యంలో రకరకాల నమూనాలు పెట్టి పరీక్షించారు. నక్కలు, పిల్లులు రెండిటినీ ఆపినది 180 సెంటీమీటర్ల జాలీ, పైన బయటివైపుకు వంగి ఊగే 60 సెంటీమీటర్ల చూరు, కింద నేల మీద పరిచిన జాలీ. చూరు బిగువుగా ఉండకూడదు. పిల్లి ఎక్కి పట్టుకోగానే అది కిందికి వంగి పిల్లిని జార్చేయాలి. కింద జాలీని బయటివైపే పరవాలి, ఎందుకంటే తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి వచ్చి తవ్వాలని దానికి తోచదు.

గూటి మీద పంజరం, అంటే పక్షి దూరగలిగి నక్క దూరలేని జాలీ, చవక, కానీ ఏ పక్షికో చూసి పెట్టాలి. స్వీడన్‌లో ఉత్తరాది తీతువులకూ, ఎర్రకాళ్ల రెడ్‌షాంక్‌లకూ పెట్టి చూసిన ఫలితాలు 2007లో వచ్చాయి. రెండిటికీ గూళ్లు ఎక్కువ దక్కాయి. అయితే పంజరం పెట్టిన గూళ్ల దగ్గర పొదుగుతున్న రెడ్‌షాంక్ పక్షులే ఎక్కువగా చనిపోయాయి. తీతువు శత్రువును దూరం నుంచే చూసి లేచి పోతుంది. రెడ్‌షాంక్ ఆఖరి క్షణం దాకా గుడ్ల మీద కదలకుండా కూర్చుంటుంది, లేచేసరికి జాలీ అడ్డం. నాలుగు గుడ్ల కోసం ఏళ్ల తరబడి గుడ్లు పెట్టగల తల్లిని పోగొట్టుకోవడం ఎటు చూసినా నష్టమే. మీ మైదానంలోని ఆ ‘మరో రెండు మూడు రకాలు’ కదలకుండా కూర్చునేవైతే వాటికి పంజరం పెట్టకండి. పంజరం పక్కన పొదిగే పక్షి ఈకలు కుప్పగా కనబడితే ఆ రోజే అన్ని పంజరాలూ తీసేయండి. ఒకసారి అలవాటు పడ్డ జంతువు పంజరాన్ని చూసుకుంటూ వస్తుంది.

దీవిచివర:

మేతజాడ గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట. వేటజంతువులను తగ్గించడం ఎప్పుడూ పనికిరాదు అనడం సరికాదు. ఉత్తర ఇంగ్లండులోని ఆటర్‌బర్న్‌లో 2000 నుంచి 2008 దాకా ఒక్కోటి సుమారు 12 చదరపు కిలోమీటర్లుండే నాలుగు ప్రాంతాల్లో ప్రయోగం చేశారు. నక్కలు 43 శాతం, కాకులు 78 శాతం తగ్గాయి. తీతువు, కర్లూ (వంపు తిరిగిన పొడవాటి ముక్కున్న పక్షి) వంటి నేలగూటి పక్షుల సంతానోత్పత్తి సగటున మూడు రెట్లయింది. దానికి ఎదురుగా, బ్రిటన్‌లోనే 11 తడిగడ్డి అభయారణ్యాల్లో ఎనిమిదేళ్లు చేసిన ఇంకో ప్రయోగం 2007లో అచ్చయింది. అక్కడ నక్కలు 40 శాతం, కాకులు 56 శాతం తగ్గినా, అన్నీ కలిపి చూస్తే తీతువు గూళ్ల నష్టం తగ్గలేదు. మొదటినుంచీ వేటజంతువులు బాగా ఎక్కువగా ఉన్న చోట్ల మాత్రమే ఫలితం కనిపించింది.

రెండిటినీ పక్కపక్కన పెడితే మీకు పనికొచ్చేవి రెండు తేలుతాయి. ఒకటి విస్తీర్ణం. మీ 60 హెక్టార్లు ఆటర్‌బర్న్ ప్రాంతంలో ఇరవయ్యో వంతు. ఒక నక్కజంట తిరిగే మేరే వందల హెక్టార్లు ఉండొచ్చు. అంత చిన్న ముక్కలో ఒకదాన్ని తీస్తే వారం తిరక్కుండా పక్కది వస్తుంది. మీ కొలతకు కంచే తగినది. రెండోది సమయం. తగ్గించే పని గూళ్లకు ముందు రెండు మూడు నెలల నుంచి పిల్లలు ఎగిరేదాకా తెంపు లేకుండా సాగాలి. తీరిక దొరికినప్పుడల్లా నాలుగు రోజులు చేసి వదిలేస్తే టాస్మానియా పిల్లుల కథే.

తీసేయడం తప్పనిసరి అయ్యేది ఎక్కువగా దీవుల్లో, అదీ బయటినుంచి మనుషులు తెచ్చిన జంతువుల విషయంలో. అక్కడ కూడా వరుస ముఖ్యం. న్యూజీలాండ్‌లోని హౌతురు ద్వీపంలో 1980లో పిల్లులను పూర్తిగా తొలగించారు. కుక్స్ పెట్రెల్ అనే సముద్రపక్షి గూళ్లు బాగుపడతాయనుకుంటే ఇంకా దిగజారాయి. పిల్లుల భయం పోవడంతో ఎలుకలు గుడ్ల మీద, పిల్లల మీద పడ్డాయి. 2004లో ఎలుకలను కూడా తొలగించాకే పక్షులు కోలుకున్నాయి. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఇదే సూత్రం మంచివైపుకు పనిచేసింది. 1995, 1996ల్లో కెనడా నుంచి తెచ్చిన 31 తోడేళ్లను వదిలాక కొయోట్‌లు (నక్కను పోలిన చిన్న తోడేళ్లు) తగ్గాయి, వాటి నోట పడే ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు పిల్లలు తోడేళ్లున్న చోట ఎక్కువ బతికాయి. పెద్ద వేటజంతువు తిరిగి వస్తోందని కంగారుపడే ముందు, అది ఎవరిని అదుపులో పెడుతోందో చూడాలి. మీ దగ్గర కూడా నక్కలు పోతే పిల్లులు, పందికొక్కులు ఏమవుతాయన్నది ఆలోచించకుండా బోను పెట్టొద్దు.

ఇక విషం. ఎవరు సూచించినా ఒప్పుకోకండి. మాంసంలో కలిపిన మందు నక్క దగ్గర ఆగదు. దాన్ని తిన్న రాబందు, గద్ద, ఊరికుక్క అన్నీ పోతాయి. పైగా ఎవరు తిన్నారో, ఎన్ని చచ్చాయో మీకు ఎప్పటికీ తెలియదు.

తడిగడ్డి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. తరలింపు ప్రతిపాదనను పక్కనపెట్టి 8 హెక్టార్ల కంచె, మేత పటం మొదలుపెడతాం. ఇంకా మూడు సందేహాలు. గూళ్ల దగ్గరికి మేము నడిచిన దారి వాసన పట్టుకుని నక్కలు వస్తాయంటారు, నిజమేనా? ఊరకుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్లు చేయిస్తే సరిపోతుందా? వాసనతో నక్కలను ఏమార్చే పద్ధతి ఒకటి ఉందని విన్నాను, అది పనిచేస్తుందా?

గూటిలెక్క:

దారి వాసన ప్రభావం ఒక్కో చోట ఒక్కోలా ఉంది, కానీ జాగ్రత్తకు ఖర్చేమీ లేదు. గూటి దగ్గర దారి ఆగిపోకూడదు. ఒకవైపు నుంచి వచ్చి, గూటి పక్కగా దాటి, ఆగకుండా ముందుకు సాగిపోవాలి. గూటికి గుర్తుగా కర్ర పాతితే 10 మీటర్ల అవతల, ఎప్పుడూ ఒకే దిక్కున కాకుండా పాతండి, కాకులు కర్రలను నేర్చుకుంటాయి. మూడు నాలుగు రోజులకోసారి మించి వెళ్లకండి. తల్లి కూర్చుని ఉందని దూరం నుంచి కనిపిస్తే ఆ రోజుకు అదే చాలు. కాకులు చూస్తున్నప్పుడు అసలు వెళ్లొద్దు.

మేతజాడ:

ఆపరేషన్ చేయించిన కుక్క పిల్లల్ని పెట్టదు, అంతే. బతికున్నన్నాళ్లూ వేటాడుతుంది, తరుముతుంది. కాబట్టి అది రాబోయే ఏళ్లకు ఉపయోగపడే పని, ఈ సీజన్‌కు కాదు. ఈ సీజన్‌కు మైదానం పక్క తిండిని ఆపడం, యజమానులున్న కుక్కలను గుడ్ల కాలంలో కట్టేసి ఉంచేలా ఒప్పించడం, కంచె. ఆపరేషన్‌తోపాటు టీకాలు కూడా వేయించండి. రేబిస్ ఆగాలంటే కుక్కల్లో 70 శాతానికి టీకా పడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సంగతి కూడా చిన్నది కాదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో దాదాపు మూడో వంతు సింహాలను చంపింది ఆ వైరసే. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచి వచ్చి ఉంటుందన్నది అప్పటి నిర్ధారణ. మీ నక్కలకూ అదే ముప్పు.

కంచెతీగ:

వాసన పద్ధతి న్యూజీలాండ్‌లో చేసినది, ఫలితాలు 2021లో వచ్చాయి. కోడి, కౌజు, గల్ పక్షుల వాసనను వాజలీన్‌లో కలిపి, పక్షులు రావడానికి 5 వారాల ముందునుంచి మూడు రోజులకోసారి నదీతీరపు రాళ్ల మీద పూశారు. వాసన వెంట వెళ్లిన ప్రతిసారీ ఏమీ దొరక్కపోవడంతో ఆ వాసన తమకు పనికిరాదని పిల్లులు, ఫెర్రెట్లు (ముంగిసలాంటి వేటజంతువులు) నేర్చుకున్నాయి. తర్వాత నిజం గుడ్లున్నప్పుడు కూడా పట్టించుకోలేదు. గూళ్లు నిలవడం 1.7 రెట్లయింది. మొదలుపెట్టడం ఆలస్యమైతే మాత్రం వాసన వెంట వెళ్లినచోట గుడ్లు దొరుకుతాయి, పాఠం తలకిందులవుతుంది. చూపుతో వెతికే కాకులకు ఇది పనిచేయదు. మీ రికార్డర్లలో నష్టం ఎక్కువగా రాత్రిపూటే తేలితే, కంచె వేయని 52 హెక్టార్లలో ఒక సగంలో చేసి, మిగతా సగంతో పోల్చి చూడొచ్చు.

దీవిచివర:

చివరగా ఒకటి, ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. గుడ్లు పగిలి పిల్లలు లేచాయని సంబరపడి లెక్క ఆపేయకండి. ఉత్తరాది తీతువుల సంఖ్య తగ్గకుండా నిలబడాలంటే జంటకు ఏటా 0.6 నుంచి 0.8 పిల్లలు రెక్కలొచ్చి ఎగరాలి. మీ జాతికి ఆ అంకె కొంచెం అటూఇటూ ఉండొచ్చు, కానీ కొలవాల్సింది అదే. పిల్లలు గడ్డిలో అణిగి ఉంటాయి, నేరుగా లెక్కపెట్టలేరు. వారానికోసారి, పొద్దున్నే, ఎత్తైన చోట కదలకుండా అరగంట కూర్చోండి. తలమీద తిరుగుతూ కేకలు పెట్టే జంటలకు పిల్లలు ఉన్నట్టే, మౌనంగా మేస్తున్న జంటలకు పోయినట్టే. ఐదారు వారాల వయసొచ్చేసరికి పిల్లలు బయటపడి తిరుగుతాయి, అప్పుడు లెక్కించి జంటల సంఖ్యతో భాగించండి. గూళ్లు బాగా దక్కి ఈ అంకె మాత్రం కదలకపోతే నష్టం గుడ్ల దగ్గర కాదు, పిల్లల దగ్గర. అలాంటప్పుడు పంజరాలకు పెట్టే శ్రమను కంచె లోపలి తడి అంచుకు మళ్లించండి. చివరి గూట్లో పిల్లలు లేచిన తర్వాత 40 రోజుల వరకు కంచెకు కరెంటు ఆపొద్దు.